అమ్మీటర్ ముల్లు మధ్యకొచ్చేదాకా

పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేయడానికి బలం అక్కర్లేదు. కాలిబలం చూసుకుని ఎగబడేవాడికే ముందు దెబ్బ తగులుతుంది. తాళం తిప్పగానే హెడ్‌లైటు వెనకున్న అమ్మీటర్‌లో ముల్లు మైనస్ వైపు వాలుతుంది. కిక్ రాడ్డు మీద పాదం ఆనించి నెమ్మదిగా నొక్కుతూ పోతే ఒకచోట ముల్లు టక్కున మధ్యకు లేస్తుంది. పాయింట్లు విడిపోయాయని, పిస్టన్ కంప్రెషన్ అంచుకు చేరిందని అది చెప్పే కబురు. అప్పుడు ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెషర్ మీట నొక్కి, రాడ్డును మరికాస్త కిందికి జార్చాలి. మీట వదిలేయాలి. రాడ్డును పూర్తిగా పైకి రానివ్వాలి. ఆ తర్వాత ఒక్కసారి, తడబడకుండా, అడుగుదాకా తొక్కాలి. మధ్యలో కాలు ఆగిందా, ఇంజిన్ ఎదురుతిరుగుతుంది. ఆ బ్యాక్ కిక్ మోకాలి కింద కొట్టిన మచ్చ నాకు ఇప్పటికీ ఉంది.

గుంటూరులో నేను బండి పని నేర్చుకున్న షెడ్డులో మేస్త్రీ మొదటిరోజు అన్నమాట ఒకటే. "తన్నమాకు బాబూ. ముల్లు ఏం చెబుతుందో చూడు, తర్వాత తొక్కు." ఆ షెడ్డులో ఆదివారాలు గడిపిన మూడేళ్లలో నాకు అర్థమైందేమంటే, దూరప్రయాణం తాలూకు విద్య అంతా ఆ మాటలోనే ఉంది. బండి ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. చప్పుడుతో, వాసనతో, వేడితో, ప్లగ్గు మీది రంగుతో చెబుతుంది. వినడం నేర్చినవాడు వెయ్యి కిలోమీటర్లయినా నిబ్బరంగా వెళ్లొస్తాడు.

ఈ బండి కథ ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో మొదలైంది. సరిహద్దు గస్తీకి మన సైన్యం దీన్ని ఎంచుకున్నాక, 1955లో రెడిచ్ కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను ఏర్పాటు చేసింది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. మొదట్లో విడిభాగాలు ఓడలో వస్తే ఇక్కడ బిగించేవారు, తర్వాత అన్నీ ఇక్కడే తయారయ్యాయి. 1970కల్లా పుట్టింట్లో కంపెనీ మూతపడింది, మద్రాసులో మాత్రం బుల్లెట్ ఆగలేదు. 1977లో ఇక్కడి బండ్లు తిరిగి ఇంగ్లండ్‌కే ఎగుమతి కావడం మొదలైంది. తర్వాత కొత్త యూనిట్ ఇంజిన్ వచ్చాక పాతది క్రమంగా కనుమరుగైంది. సిలిండర్ బ్యారెల్ పోత ఇనుముది కాబట్టి ఆ పాతదాన్ని షెడ్డుల్లో అందరూ "కాస్ట్ ఐరన్" అనే అంటారు.

346 సీసీల ఆ ఇంజిన్‌లో సిలిండర్ వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం 90. వెడల్పు కంటే పొడవెక్కువ. అందుకే అది పరుగుల బండి కాదు, లాగుడు బండి. ఘాట్‌లో ఇద్దరితో, సామానుతో ఎక్కేటప్పుడు మూడో గేరులో నింపాదిగా ఒక్కో అడుగూ వేసినట్టు ఎక్కుతుంది. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. ఒకటో గేరు పైకి, మిగతా మూడూ కిందికి. వేరే బండి తోలినవాడు దీనిమీద ఎక్కితే మొదటి వారం బ్రేకు అనుకుని గేరు తొక్కుతాడు. ఇనుము వేడిని పట్టుకుని త్వరగా వదలదు. అరవై, అరవై అయిదు మీద గంటలకొద్దీ పోవచ్చు. ఎనభై మీద అరగంట అదేపనిగా లాగితే, ముఖ్యంగా బోరు కొత్తగా చేయించిన బండి అయితే, పిస్టన్ సీజు కొట్టే ప్రమాదం ఉంది. గంటకోసారి ఆగి టీ తాగడం మనకెంత సుఖమో దానికీ అంతే.

బయల్దేరే ముందు చేయాల్సిన పనుల్లో నేను ట్యాపెట్లకే ఎక్కువ సమయం ఇస్తాను. చాలామంది ఆయిల్ మార్చి, చైను బిగించి, బండి సిద్ధమనుకుంటారు. ట్యాపెట్లు రాత్రంతా చల్లారిన ఇంజిన్ మీదే చూడాలి, అందుకే అది తెల్లవారుజాము పని. బ్యారెల్ పక్కన కుడివైపున్న చిన్న మూత ఒక్క నట్టుతో బిగించి ఉంటుంది. అది తీస్తే రెండు పుష్‌రాడ్లు కనిపిస్తాయి. పిస్టన్‌ను కంప్రెషన్ పైకొసకు తెచ్చి, రెండు వేళ్లతో ఒక్కో రాడ్డునూ తిప్పి చూడాలి. అగరుబత్తిని వేళ్ల మధ్య తిప్పినంత తేలికగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఊగకూడదు. ఎగ్జాస్ట్ రాడ్డు ఇంకొంచెం వదులుగా ఉన్నా మంచిదే. బిగుతుగా ఉంటే మూడు పానాలు కావాలి. రాడ్డు కాలును ఒకటి పట్టుకుంటుంది, ఒకటి తిప్పుతుంది, ఒకటి లాక్ నట్టు బిగిస్తుంది. ఉన్నవి రెండు చేతులు. మూడో పానాను మోకాలితో అదిమి పట్టడం మేస్త్రీ చూపించాడు. లాక్ నట్టు బిగించేటప్పుడే సెట్టింగు కాస్త జరిగిపోతుంది కాబట్టి బిగించాక మళ్లీ వేళ్లతో తిప్పి చూడాలి. బాగా వచ్చిందనుకున్న రోజున కూడా నేను మూడుసార్లు చేస్తాను.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, ట్యాపెట్ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు. ఆ సందులోంచి మంట తోసుకొచ్చి వాల్వు అంచును కాల్చేస్తుంది. కంప్రెషన్ పోతుంది, బండి స్టార్ట్ అవడమే మానేస్తుంది. వదులైతే టిక్కుటిక్కుమని చప్పుడు, అంతే. కొత్తవాళ్లు ఆ చప్పుడు భరించలేక బిగించేస్తారు. "చప్పుడు చేసే ట్యాపెట్ ఇంటికి తెస్తుంది, నోరు మూసుకున్నదే దారిలో దింపుద్ది" అనేవాడు మేస్త్రీ.

పాయింట్లు కూడా అలాంటివే. తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఫీలర్ గేజి రేకును రెండింటి మధ్యా పెట్టి లాగితే వెన్నలోంచి దారం లాగినట్టు రావాలి. పాయింట్ల మొహాలు మాడి గుంటలు పడ్డాయంటే కండెన్సర్ పని అయిపోవస్తోందని అర్థం. చల్లగా ఉన్నప్పుడు చక్కగా నడిచి, వేడెక్కాక టపటపా కొట్టుకుంటూ ఆగిపోయే బండికి పదిసార్లలో ఏడుసార్లు రోగం అక్కడే ఉంటుందని నా అనుభవం. అరచేతిలో పట్టే ఆ చిన్న డబ్బా ఒకటి అదనంగా పెట్టుకోకుండా నేను ఊరు దాటను.

చైను సంగతి త్వరగా చెప్పేస్తాను. ఊగు పాతిక నుంచి ముప్పై మిల్లీమీటర్లు. చైను అంతా ఒకేలా అరగదు కాబట్టి చక్రం తిప్పుతూ ఎక్కువ బిగుతుగా ఉన్నచోట కొలవాలి. తొంభై నంబరు ఆయిలు బండి నడిచి వచ్చాక, చైను వేడిగా ఉన్నప్పుడు వేస్తే లోపలికి దిగుతుంది. చైన్ లాకు క్లిప్పు మూసుకున్న కొస చైను వెళ్లే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే రాయి తగిలిన రోజున ఊడి వస్తుంది.

సామాను కట్టడంలో పొరపాటు మాత్రం ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తుంది. బరువైనవి, అంటే పానాల సంచీ, నీళ్లు, ట్యూబు, కిందికి, రెండు చక్రాల మధ్యకు రావాలి. క్యారియర్ చివర ఎత్తుగా కట్టిన మూట ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది, మలుపులో హ్యాండిల్ చేతికి ఆనదు. కట్టాక ఇరవై కిలోమీటర్లు పోయి ఆగి మళ్లీ బిగించాలి. కుదుపులకు మూట సర్దుకుని తాడు వదులవుతుంది.

నాకు ఈ పాఠాలన్నీ కలిపి నేర్పింది నల్లమల. గుంటూరు నుంచి వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లడం మా వైపు బండ్లవాళ్లకు తొలి పరీక్ష. దోర్నాల దాటితే పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరుదాకా గేట్లు మూసేస్తారు. నా మొదటి ప్రయాణంలో తిరుగుదారిన, తుమ్మలబైలు దగ్గర, పొద్దువాలే వేళ, క్లచ్ మీట ఉన్నట్టుండి చేతికి బరువు లేకుండా వచ్చేసింది. కేబుల్ హ్యాండిల్ దగ్గర, బొడిపె మొదట్లో తెగింది. నా దగ్గర ఇంకో కేబుల్ లేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. చుట్టూ అడవి, దూరంగా నెమలి కూత.

క్లచ్ లేకుండా బండి తోలవచ్చని షెడ్డులో విన్నానేగానీ చేయలేదు. న్యూట్రల్‌లో స్టార్ట్ చేశాను. వాలులో బండిని కాళ్లతో తోసుకుంటూ పరుగందుకోగానే రెండో గేరు తొక్కాను. ఒక్క కుదుపు. బండి పట్టుకుంది. ఆ తర్వాత గేరు మార్చాలంటే ఎక్సలేటర్ ఒక క్షణం వదిలి, ఇంజిన్ మీది భారం తేలికైన ఆ సందులో కాలు కదపాలి. ముందైతే గేరు గరగరమంది, నాలుగోసారికి దానంతటదే జారినట్టు పడింది. ఆ చీకట్లో ఇంజిన్ చప్పుడు ఒక్కటే నాకు దారి చెప్పింది. ఎనిమిదిన్నరకు దోర్నాల చేరాను.

బుల్లెట్ కేబుల్ అక్కడ దొరకలేదు. పొద్దున్నే ఎలక్ట్రికల్ షాపాయన విషయం విని, "ఇదేమన్నా పనికొస్తుందేమో చూడన్నా" అంటూ వైర్లు కలిపే పింగాణీ కనెక్టర్ తీశాడు. పింగాణీ పగలగొట్టి లోపలి ఇత్తడి ముక్క బయటికి తీశాం. తెగిన తీగను అందులోంచి దూర్చి, రెండు స్క్రూలూ బిగించాం. ఒకటి జారుతుందేమోనని దాని వెనకే ఇంకోటి వేశాం. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ ఇప్పించాడు. ఆ రెండు ఇత్తడి ముక్కలే నన్ను గుంటూరు తెచ్చాయి. అప్పటినుంచి నా బండికి కొత్త కేబుల్ ఒకటి పాతదాని పక్కనే, దారిపొడవునా దూర్చి, టేపుతో చుట్టి సిద్ధంగా ఉంటుంది. తెగితే రెండు కొసలూ తగిలించడమే, పది నిమిషాల పని.

ఇక లద్దాఖ్. మన వాళ్లు హైదరాబాద్‌లో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, నిర్మల్, ఆదిలాబాద్, నాగపూర్ దాటి ఉత్తరానికి పోతారు. కర్నూలు, అనంతపురం వాళ్లకైతే ఆ రోడ్డు ఊళ్లోంచే పోతుంది. మనాలి నుంచి లేహ్ వెళ్లే దారిలో, టాండీ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరాన ఉందని చెప్పే బోర్డు ముందు ఫొటో దిగనివాళ్లు అరుదు. అసలు పరీక్ష పెట్రోలు కాదు, గాలి. 5,359 మీటర్ల ఎత్తున్న ఖర్‌దుంగ్‌లా కనుమ మీద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో దాదాపు సగమే. కార్బురేటర్‌కు ఆ సంగతి తెలియదు. కింద ఇచ్చినంత పెట్రోలే అక్కడా ఇస్తుంది. కాలడానికి గాలి చాలదు, పొగ నల్లగా వస్తుంది, బండి ఆయాసపడుతుంది.

ఇక్కడ ప్లగ్గు చదవడం వచ్చినవాడు బతికిపోతాడు. విప్పి చూస్తే ఇటుక రంగో, కాఫీపొడి రంగో ఉంటే బాగున్నట్టు. పొడిమసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది. తెల్లగా మాడి ఉంటే తక్కువైంది, ఇది ఇంకా ప్రమాదం. ఎత్తుకు ఎక్కాక కార్బురేటర్ నీడిల్‌కున్న క్లిప్పును ఒక గాడి పైకి మారిస్తే, నీడిల్ ఆ మేరకు కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. మర్చిపోకూడనిది దిగేటప్పుడు. మళ్లీ మైదానానికి వచ్చాక క్లిప్పును పాత గాడిలో పెట్టకపోతే, నిండుగాలిలో చాలీచాలని పెట్రోలుతో ఇంజిన్ కాలిపోతుంది.

కొత్త బండ్లలో ఈ పనంతా కంప్యూటరే చూసుకుంటుంది. ఇంధనం ఎంతివ్వాలో సెన్సర్ కొలుస్తుంది, స్టార్ట్ బటన్ మీద. వాటిమీద హాయిగా దేశం తిరిగొచ్చిన మిత్రులు నాకున్నారు, వాళ్ల ప్రయాణం నా ప్రయాణం కంటే తక్కువదని నేను అననుగాక అనను. నా దిగులు వేరు. పాత బండ్ల పని తెలిసిన మేస్త్రీలు ఒక్కొక్కరే చేతులు కడుక్కుంటున్నారు. మా షెడ్డు స్థలంలో ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఇది పుస్తకం చదివి వచ్చే విద్య కాదు. వేళ్ల కొసల్లో ఉంటుంది, పక్కన కూచుని చేయి పట్టి చూపిస్తేనే వస్తుంది. అగరుబత్తి తిరిగినంత తేలిక అని నేనెంత రాసినా, ఆ తేలిక ఎంతో రాడ్డు ముట్టుకున్నవాడికే తెలుస్తుంది.

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు వచ్చాడు. బీటెక్ రెండో ఏడాది. వాళ్ల తాతగారి 1984 బండి గొడ్లచావిడిలో బూజు పట్టి ఉంటే బయటికి లాగాడు. "మావయ్యా, దీన్ని నేనే నడిపించాలి, నువ్వు ముట్టుకోవద్దు, చెప్పు చాలు" అన్నాడు. పండగ మూడు రోజులూ ట్యాంకు తుప్పు కడిగాడు, పాయింట్లు రుద్దాడు, ట్యాపెట్ల దగ్గర మూడో పానా మోకాలితో అదమడం రాక నాలుగుసార్లు జారవిడిచాడు. కనుమ నాటి పొద్దున మంచులో బండిని వాకిట్లోకి తోసుకొచ్చి తాళం తిప్పాడు. అమ్మీటర్ గాజు మీది తడిని బొటనవేలితో తుడిచి, కాలు రాడ్డు మీద పెట్టి, తొక్కకుండా, వంగి ముల్లు వైపు చూస్తూ నిలబడ్డాడు.