వెండితెరపై పాశ్చర్

1936లో హాలీవుడ్‌లో నిర్మించిన ‘ది స్టోరీ ఆఫ్ లూయీ పాశ్చర్’ చిత్రమును మరల చూచితిని. పాశ్చర్ పాత్ర ధరించిన పాల్ మునికి ఆస్కార్ బహుమతి లభించినది, అది న్యాయమే. కాని పిచ్చికుక్క కాటుకు, అనగా రేబిస్‌కు, టీకా కనుగొన్న ఘట్టము మాత్రము విద్యార్థులను త్రోవ తప్పించును.

చిత్రములో శార్బొనే అను వైద్యుడు పాశ్చర్ నోరు మూయించుటకై రేబిస్ విషమును తన శరీరములోనికి తానే ఎక్కించుకొనును. అతనికి ఏమియు కాదు. నిలువయున్న విషము బలహీనపడునని అప్పుడు పాశ్చర్‌కు స్ఫురించును. ఈ శార్బొనే కేవలము కల్పిత పాత్ర.

నిజముగా జరిగినది ఇంతకంటె రసవత్తరము. రేబిస్‌తో చచ్చిన కుందేలు వెన్నుపామును సీసాలో వ్రేలాడదీసి, అడుగున పొటాష్ నుంచి గాలిని పొడిగా నుంచిరి. దినదినమునకు దాని తీవ్రత తగ్గి, సుమారు రెండు వారములలో నశించెను. 1885 జూలై 6న తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్‌కు మొదట బాగుగా ఎండినదానిని, తరువాత క్రమముగా తాజాదానిని ఎక్కించిరి. మొత్తము 13 సూదులు. పాశ్చర్ వైద్యుడు కాడు. సూది వేసినది గ్రాంషే అను వైద్యుడు.

కరచిన పిమ్మట టీకా ఎట్లు పనిచేయును? వైరస్ నరముల వెంట మెదడును చేరుటకు సాధారణముగా వారములు, నెలలు పట్టును. ఆలోపల శరీరము రక్షణ సంపాదించుకొనును. తరగతిలో తప్పక పుట్టు ఈ ప్రశ్నను చిత్రము తాకనైన తాకదు.

ప్రత్యర్థులందరును మూర్ఖులే యన్నట్లు చూపుట మరొక లోపము. పిచ్చికుక్క కరచిన వారందరికీ రేబిస్ రాదు. ఒక్క బాలుడు బ్రతికినంతనే టీకాయే బ్రతికించెనని చెప్పగలమా? ఇది మూర్ఖుల ప్రశ్న కాదు. పైగా, మైస్టర్‌కు వాడిన పద్ధతిపై కుక్కలలో పరీక్షలు అప్పటికి పూర్తికాలేదని, పాశ్చర్ నోటు పుస్తకములను చదివి జెరాల్డ్ గైసన్ 1995లో వ్రాసెను. లక్షణములు బయటపడిన రేబిస్‌కు మరణము దాదాపు తప్పదు గనుక, గైసన్ తూనిక కొంచెము కఠినమని నా అభిప్రాయము. అయినను ఆ తెగింపును దాచి పాశ్చర్‌ను దేవునిగా నిలుపుట చరిత్ర కాదు.

ఉపాధ్యాయులు చిత్రమును చూపవచ్చును. శార్బొనే ఘట్టమున ఆపి, అది కల్పనయని చెప్పవలెను. నేటి టీకా ప్రయోగశాలలో పెంచిన కణములనుండి తయారగుననియు, బొడ్డుచుట్టు సూదుల కాలము గడచిపోయినదనియు కూడ చెప్పవలెను. కుక్క కరచినచో గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను.