గట్టు మీద ఇద్దరు రాజులు

చదరంగంలో అందమంటే మంత్రిని బలిచ్చి అవతలి రాజును కట్టెయ్యడమే అనుకునేవాణ్ణి. 2024 డిసెంబరు 12 సాయంత్రం, క్రోసూరులో ఫోనుకు కళ్లప్పగించి కూచున్నాక ఆ అభిప్రాయం మారింది.

సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ పోరు, ఆఖరిదైన 14వ గేమ్. చెరి ఆరున్నర పాయింట్లు. తెల్లపావులు చైనా ఛాంపియన్ డింగ్ లిరెన్‌వి. నల్లవి చెన్నైలోని తెలుగింటి కుర్రాడు, 18 ఏళ్ల గుకేశ్‌వి. అతనికి సాయపడ్డ బృందంలో మా పాత జిల్లా కేంద్రం గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ కూడా ఉన్నాడని తర్వాత తెలిసి, ఇంకాస్త మురిశాను.

బల్ల మీద మిగిలింది తక్కువ. చెరో ఏనుగు, చెరో శకటు (మా పిల్లలు ఒంటె అంటారు), నల్లవైపు ఒక బంటు ఎక్కువ. డ్రాయేనని అందరూ తేల్చేశారు. కుర్రాడు వదల్లేదు.

55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2కి తెచ్చాడు. అది పొరపాటని గుకేశ్ కూడా మొదట పసిగట్టలేదు, మరో ఎత్తు వెయ్యబోయాడు. అప్పుడు కనబడింది, ఏ8 మూలలో ఒదిగిన తెల్ల శకటు. మూలనున్న శకటుకి ఒకటే దారి. ఏనుగులు రెండూ మార్పిడిలో పోయాక నల్ల శకటు వచ్చి డీ5లో, తన రాజు అండ చూసుకుని, ఆ దారికి అడ్డంగా కూచుంది. ఇక మార్చుకోక తప్పదు. మార్చుకుంటే మిగిలేది రాజులూ బంట్లే.

58వ ఎత్తు. తెల్లరాజు ఈ3, నల్లరాజు ఈ5, మధ్యన ఒక్క గడి. ఇరుకు గట్టు మీద ఎదురుపడ్డ ఇద్దరిలో ఒకరు చేలోకి దిగాల్సిందే. దిగే వంతు తెల్లరాజుది. దిగితే నల్లరాజుకి దారి వదిలినట్టే. చెక్ లేదు, మెరుపు లేదు. డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. గుకేశ్ ఏడుస్తూనే పావులన్నిటినీ వాటి వాటి గళ్లలో సర్దాడు.

పొరపాటు గెలుపులో కళేముందని పెదవి విరిచినవాళ్లున్నారు, మాజీ ఛాంపియన్ క్రామ్నిక్‌తో సహా. తప్పు డింగ్‌దే, కాదనను. కానీ డ్రాకి ఒప్పుకుని లేచిపోయి ఉంటే ఆ తప్పు ఎక్కడ జరిగేది? నాకు రసం దొరికింది ఆ మొండి ఓపికలో, దానికి తోడైన డింగ్ మీది జాలిలో.

ఇంట్లో బల్ల ఉంటే ఆ ఇద్దరు రాజుల్నీ అలా ఎదురెదురుగా పెట్టి చూడండి. ముందు తెల్లదాన్ని జరపండి.