టాంకీ మూత

ఘాటు మధ్యలో లారీ ఆగిపోతే, వెనక చక్రానికి అడ్డం రాయి పెట్టడానికి క్లీనర్ దూకే చప్పుడు నాకింకా చెవుల్లోనే ఉంది. మాది పాత టాటా 1210. తాండూరులో బండల లోడు ఎత్తుకుని, టాంకీ నిండా డీజిల్ కొట్టించుకుని బయల్దేరేది. గంటసేపు బాగానే నడిచేది. అనంతగిరి ఎక్కుడు మీదికి రాగానే పికప్ పడిపోయేది. ఎంత తొక్కినా మూలిగి మూలిగి ఆరిపోయేది. పావుగంట వదిలేస్తే మళ్లీ స్టార్టయ్యేది, ఏమీ ఎరగనట్టు.

నాయిన దాన్ని ఒక ఇంజెక్షన్ పంపు షాపుకు తీసుకెళ్లారు. వాళ్లు పంపు విప్పి ఎలిమెంట్లు మార్చారు, ఆరు నాజిళ్లూ కొత్తవి వేశారు. నెల రోజుల కిరాయిలు అందులో పోయాయి. తర్వాతి ట్రిప్పులో అదే ఎక్కుడు మీద లారీ మళ్లీ ఆగింది.

చివరికి ఎవరో చెబితే పాతబస్తీ ఉస్తాద్ దగ్గరికి వెళ్లాం. ఆరాంఘర్ నుంచి చాంద్రాయణగుట్టకు వచ్చే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. నాకవి ఇంటర్ సెలవులు, నేనూ వెంట వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు, పానా అడగలేదు. చాయ్ తెప్పించి ప్రశ్నలు మొదలుపెట్టారు. లోడు మీదనే ఆగుతదా, ఖాళీగ ఉన్నా ఆగుతదా? పొద్దుగాల స్టార్టింగు సతాయిస్తదా? ఆగేముందు పొగ ఏ రంగుల వస్తది?

పొగేమీ రాదని నాయిన చెప్పారు. ఉస్తాద్ గ్లాసు కింద పెట్టి, "సేఠ్, పంపుకు హాత్ నక్కో లగావ్. పహ్లే టాంకీ దేఖేంగే" అన్నారు.

పొగ లేదన్న మాట ఆయనకు ఎందుకంత పెద్ద ఆధారమైందో తర్వాత చాలా రోజులకు గాని నాకు అర్థం కాలేదు. నల్లపొగ వస్తుంటే డీజిల్ పడుతోంది గాని సరిగా కాలడం లేదన్నమాట. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండాలి, లేదా నాజిల్ తుంపర్లు చిమ్మకుండా ధారగా కారుస్తుండాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లపొగ వస్తోందంటే డీజిల్ మండకుండానే బయటపడుతోంది. అప్పుడు టైమింగో, కంప్రెషనో చూసుకోవాలి. నీలిపొగ ఇంజన్ ఆయిల్ కాలుతున్న గుర్తు. ఏ పొగా లేకుండా బలం తగ్గిందంటే ఇంజన్‌కు డీజిలే అందడం లేదు.

టాంకీ నిండా డీజిల్ కొట్టించి, లోడు దించకుండానే లారీని శంషాబాద్ వైపు తీయమన్నారు. ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. కొంత దూరం పోయాక బలం తగ్గడం మొదలైంది. "ఇంజన్ బంద్ నక్కో కరో" అంటూ లారీని పక్కకు ఆపించి, దిగి టాంకీ మూత తిప్పారు. బుస్సుమంటూ టాంకీ గాలి పీల్చుకుంది. ఆరిపోబోతున్న ఇంజన్ నిమిషంలో తేరుకుంది.

అంతకు రెండు నెలల ముందు రాత్రి పూట ఎవరో డీజిల్ దొంగిలించి మూత కూడా పట్టుకుపోయారు. నాయిన తాళం ఉన్న కొత్త మూత కొన్నారు. దానికి గాలి రంధ్రం లేదు. డీజిల్ తగ్గేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. రాకపోతే టాంకీలో గుంజుడు పెరిగి, ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ కదలదు. టాంకీ నిండుగా ఉంటే లోపల గాలి కొంచెమే ఉంటుంది కాబట్టి గుంజుడు తొందరగా వస్తుంది. ఎక్కుడు మీద డీజిల్ ఎక్కువ తాగుతుంది కాబట్టి బండి అక్కడే దొరికిపోయేది. ఆగిన పావుగంటలో సందుల్లోంచి గాలి మెల్లగా చేరేది.

ఆ సెలవులన్నీ నేను ఆ షెడ్డులోనే గడిపాను. ఉస్తాద్ డీజిల్ వెంట నడిచేవారు. టాంకీ, పైపు, ఫీడ్ పంపు, ఫిల్టరు, ఆ తర్వాతే పెద్ద పంపు, చివర నాజిల్. ఫీడ్ పంపు దాటాక ఎక్కడ లీకున్నా తడి కనిపిస్తుంది. దానికి ముందు లీకుంటే, ఇంజన్ నడుస్తున్నంతసేపు చుక్క కారకపోవచ్చు, లోపలికి హవా పోతుంది. అరిగిన రాగి వాషరు ఒక్కటి చాలు. అందుకే ఆయన ఫీడ్ పంపు ముందు లోపలిది కనిపించే జానెడు తెల్లటి ట్యూబు తగిలించి బుడగల కోసం చూసేవారు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి హ్యాండ్ పంపుతో హవా తీయడం ఏ క్లీనర్‌కైనా వచ్చు. తీసిన హవా మర్నాటికి మళ్లీ చేరితే అది రిపేరు కాదని ఆయన కోప్పడేవారు.

మిస్సింగ్ ఉంటే ఇంజన్‌ను స్లోలో పెట్టి నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే వదులు చేసేవారు. పనిచేస్తున్న సిలిండర్‌ది వదిలితే ఇంజన్ చప్పుడు మారుతుంది. మారలేదంటే దొంగ అక్కడే. ఆ నాజిల్‌ను టెస్టర్‌కు బిగించి, సుమారు 200 బార్ దగ్గర పొగమంచులా చిమ్ముతోందా, కొసన చుక్క నిలుస్తోందా అని చూసేవారు. ఆ చిమ్ముడుకు చెయ్యి అడ్డం పెట్టిన పిల్లవాణ్ని ఒకసారి చాచి కొట్టారు. అది చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది, చెయ్యి తీసేయాల్సిన గతి కూడా పట్టవచ్చు.

పెద్ద పంపును మాత్రం షెడ్డులో విప్పనిచ్చేవారు కాదు. 1951లో మొదలైన బెంగళూరు పంపుల కంపెనీ మైకో పేరు 2008లో బాష్‌గా మారినా, మా లారీల వాళ్లకు అది ఇప్పటికీ మైకో పంపే. లోపలి ఎలిమెంటుకూ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. టెస్ట్ బెంచి లేని చోట దుమ్ములో విప్పితే బాగున్న పంపు కూడా పాడవుతుందని ఆయన భయం. ఆ భయం న్యాయమైనదే.

ఇప్పటి కామన్ రైల్ లారీల్లో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. నట్టు వదులు చేసి చూసే పద్ధతి వాటి దగ్గర పనికిరాదు, ప్రాణాపాయం. వాటికి స్కానర్ ఉంది. కానీ ఇసుకకూ ఇటుకకూ తిరిగే పాత లారీలు ఇంకా రోడ్ల మీద ఉన్నాయి. వాటి ఓనర్లు చాలామంది అప్పు మీద బండి నడుపుతున్నవాళ్లు. వాళ్లకు నా విన్నపం ఒక్కటే. బలం తగ్గిందని ఎవరైనా పంపు విప్పుతామంటే ఒక్క పూట ఆగండి. ఈసారి బండి మూలిగినప్పుడు పక్కకు ఆపి, ఇంజన్ ఆపకుండా టాంకీ మూత తిప్పి, చెవి పెట్టి వినండి.