పారబోసే ముందు ఒక నిమ్మకాయ

పసుపు తవ్వే రోజుల్లో వేల్పూర్, ఆర్మూర్ వైపు వెళ్తే ఉడికిన కొమ్ముల వాసన దారంతా వెంటవస్తుంది. ఆ పంట నిజామాబాద్ యార్డుకు పోతుంది, చిటికెడు మాత్రం ప్రతి ఇంటి దిష్టి పళ్లెంలోకి చేరుతుంది. కొత్త జంట గడప ముందు నిలబడగానే పసుపునీళ్లలో కాస్త సున్నం వేస్తారు. నీళ్లు ఎర్రబడతాయి. దిష్టి తీసి పారబోస్తారు. ప్రయోగం సగంలో ఆగిపోయేది అక్కడే.

ఆ ఎర్రనీళ్లలో నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపే వస్తుంది. రంగు మార్చేది కుర్‌కుమిన్. 1815లో వోగెల్, పెల్టియె అనే ఇద్దరు దీన్ని పసుపు నుంచి వేరుచేశారు. క్షారం తగిలితే ఈ అణువు హైడ్రోజన్‌ను వదులుకుంటుంది, అది పీల్చే కాంతి మారి మన కంటికి ఎర్రగా కనిపిస్తుంది. ఆమ్లం పడితే పాత రూపానికి వస్తుంది.

మరి నిమ్మరసం పోసే చేసే కుంకుమ ఎర్రగా ఎలా నిలుస్తుంది? నాకు అసలు ముచ్చట ఇదే. ఇంటి కుంకుమలో పసుపు, నిమ్మరసం, పటికలతో పాటు వెలిగారం పడుతుంది. వెలిగారంలో బోరాన్ ఉంది. పుల్లదనం తోడైతే అది కుర్‌కుమిన్‌ను పట్టుకుని వేరే ఎర్రటి పదార్థమవుతుంది, ఆరేకొద్దీ చిక్కబడుతుంది. నీళ్లలో బోరాన్ ఎంతుందో కొలవడానికి ప్రయోగశాలల్లో వాడే పద్ధతుల్లో ఒకటి ఈ చర్య మీదే నడుస్తుంది. కుంకుమ చేసిన అవ్వలకు బోరాన్ పేరు తెలియకపోవచ్చు, పాళ్లు మాత్రం తెలుసు. రెండు ఎరుపుల తేడా పిల్లలతో పక్కపక్కన చేయించి చూపిస్తే పాఠం వేరే చెప్పక్కర్లేదు.

పసుపు కాగితం చేయడం ఇంకా తేలిక. కుర్‌కుమిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, అందుకని పొడిని మంటకు దూరంగా స్పిరిట్‌లో కలిపి, తేటలో కాగితం ముంచి నీడన ఆరబెట్టాలి. సబ్బునీళ్లు, బట్టల సోడా, సున్నపు తేట దాన్ని ఎర్రబరుస్తాయి. చింతపండు పులుసుకూ మంచినీళ్లకూ తేడా చెప్పదు, అది దీని లోపం. ఆ పనికి మందార పూల రసం కావాలి. సున్నం పెద్దవాళ్లే కలపాలి, కంట్లో పడితే ప్రమాదం.

వేల్పూర్‌కు బడి సంగతిలో ఒక పేరుంది. 2001 అక్టోబరు 2న ఈ మండలాన్ని బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించారు. చేలో చేయి పెట్టాల్సిన పిల్లల్ని బడికి పంపుతామని ఊరి పెద్దలే పూనుకున్నారు. అలా వచ్చిన పిల్లలకు సైన్సు గదిలో తమ చేలో పండిన కొమ్మే ఎదురైతే బాగుంటుంది. ఉడికించిన కొమ్ము, పచ్చి కొమ్ము, కొన్న పొడి: ఏది ఎక్కువ ఎర్రబడుతుందో పట్టిక రాయొచ్చు. ఒకసారికి ఒకటే మార్చాలి. పొడీ సున్నమూ రెండూ మార్చేస్తే ఏది ఏం చేసిందో తేలదు.

బట్టల మీది పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు. దానితో బొమ్మ కూడా తీయొచ్చు. పసుపు కాగితం మీద వేపాకు పెట్టి, పైన గాజుపలక ఉంచి, మంచి ఎండలో కొన్ని గంటలు వదలాలి. ఎండ తగిలినచోట రంగు వెలిసిపోతుంది, ఆకు కింద నిలుస్తుంది. బట్టల సోడా కలిపిన నీళ్లు చల్లితే ఆకు రూపం ఎర్రగా తేలుతుంది. తీసి పుస్తకం మధ్య దాచుకోండి, గోడకు తగిలిస్తే ఆ ఎండకే అదీ వెలిసిపోతుంది.