పసుపు వరుసలు

పైథాన్ ప్రోగ్రాం నత్తనడక నడుస్తోందంటే చాలామందికి ముందు తట్టేది పైథాన్ కోడ్‌ని సీలోకి మార్చే సైథాన్‌తో కంపైల్ చేసేద్దామనే. ఎక్స్‌టెన్షన్ తయారవుతుంది గానీ వేగం పెద్దగా పెరగదు. టైపు చెప్పని వేరియబుల్ సీలోకి వెళ్ళినా పైథాన్ ఆబ్జెక్టుగానే ఉంటుంది మరి. చిన్న కూడికకైనా ‘నువ్వు అంకెవా, అక్షరానివా’ అని ప్రతిసారీ ఆరా తప్పదు. రోజూ వచ్చే పాలవాణ్ణి రోజూ గుమ్మంలో నిలబెట్టి పేరు అడిగినట్టు. లూప్ వేరియబుల్‌కి ‘సీడెఫ్ ఇంట్’ అని రాశాకే ఆ ఆరా తీయడం ఆగుతుంది.

గ్రెగ్ ఈవింగ్ రాసిన పైరెక్స్ నుంచి 2007లో విడివడి వచ్చింది సైథాన్. ఇవాళ పాండాస్, సైకిట్-లర్న్ లోపల బరువు పనులు చాలావరకు దీని మీదే నడుస్తున్నాయి. నాకు మాత్రం ఇందులో అన్నిటికన్నా నచ్చేది ‘మైనస్ ఎ’ పెట్టి నడిపితే వచ్చే నివేదిక. పైథాన్‌తో ఎక్కువ పని పెట్టుకున్న వరుస ముదురు పసుపులో కనిపిస్తుంది, అచ్చమైన సీ అయితే తెల్లగా ఉంటుంది. వరుస మీద నొక్కితే దాని సీ కోడ్ విప్పుకుంటుంది. టైపులన్నీ చెప్పినా ఒక భాగహారం ఇంకా పసుపుగానే ఉందేమిటా అని నొక్కి చూస్తే, భాజకం సున్నా అవుతుందేమోనన్న తనిఖీ అక్కడ కూర్చుని ఉంటుంది.

‘సీడివిజన్’ ఆన్ చేస్తే ఆ తనిఖీ పోతుంది. దాంతోపాటు లెక్కా మారుతుంది! మైనస్ 7ని 2తో పూర్ణాంక భాగహారం చేస్తే పైథాన్‌లో మైనస్ 4. ఇప్పుడు సీ పద్ధతిలో మైనస్ 3. ‘బౌండ్స్‌చెక్’ తీసేస్తే హద్దు దాటిన ఇండెక్సుకి ఎర్రర్ రాదు, ఎవరిదో మెమరీ పాడవ్వచ్చు. ఈ తనిఖీలన్నీ ఫైలు నెత్తిన ఒకేసారి ఆపేసే కోడ్ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఒక్క లూప్‌కి ఆపితే చాలదూ?

అసలు ప్రొఫైలర్ నడపకుండా ఈ జోలికి పోకూడదు. మొత్తం సమయంలో అయిదో వంతు తినే లూప్‌ని పూర్తిగా మాయం చేసినా ప్రోగ్రాం 1.25 రెట్లే వేగం. డేటాబేస్ కోసం ఎదురుచూసే కోడ్‌కైతే అదీ దక్కదు. పైగా కంపైల్ చేసినదాన్ని పంచాలంటే విండోస్‌కి, మ్యాక్‌కి, లినక్స్‌కి విడివిడిగా, సాధారణంగా పైథాన్ వెర్షన్‌కొకటి చొప్పున బిల్డ్ చేయాలి. అందుకే నేను లూప్ ఒక్కదాన్నే చిన్న ఫైల్లోకి తీసి, మిగతాదంతా మామూలు పైథాన్‌లోనే వదిలేస్తాను. నమ్‌పైలో ఒక్క ఫంక్షన్‌తో తేలిపోయే పనైతే ఆ ఫైలూ అక్కర్లేదు.