వేలికొసన చూపు

సన్నని సూదీ, ఆక్యుపంక్చర్ అనగానే లోకమంతా నీ పేరే చెప్పుకుంటుంది. భయపడేవాళ్లు నిన్ను చూసే భయపడతారు, నమ్మేవాళ్లు నిన్నే నమ్ముతారు. పావు మిల్లీమీటరు మందం ఉండీ లేని నీకు ఇంత కీర్తి దక్కడం నాకు ఇష్టమే. అయినా నా మొదటి దండం నీకంటే ముందు ఒంటిమీదికి వచ్చే వేలికి. ఎక్కడ దిగాలో నీకు తెలియదు, దానికి తెలుసు. అది తడుముతుంది, నొక్కుతుంది, వెనక్కి వస్తుంది, కండకూ ఎముకకూ నడుమ చిన్న గుంట తగిలితే ఆగుతుంది. ఆ ఆగిన చోటు నీది.

ఆ వేలు తిరిగే నేల ఎటువంటిదో చెప్పనీ. రెండు వేల ఏళ్ల కిందట చైనాలో కూర్చిన 'హ్వాంగ్‌దీ నైజింగ్'లో పసుపు చక్రవర్తి అడుగుతాడు, వైద్యుడు చీ బో చెబుతాడు. ఆయన మాటల్లో ఒళ్లంటే నీళ్లు పారే దేశం. చి అనే ప్రాణశక్తి పన్నెండు ప్రధాన నాళాల్లో ఎడతెగక తిరుగుతుంది. ఆ పన్నెండింటికీ చైనా నేలమీది పన్నెండు నీళ్లను జత చేశారు: ఊపిరితిత్తుల నాళానికి హ్వాంగ్‌హో, పెద్దపేగు నాళానికి యాంగ్‌ట్సీ, కడుపు నాళానికి ఏకంగా సముద్రం. వేళ్ల కొసల్లో బావి. కాస్త పైన ఊట. ఆపైన వాగు. ఆ తర్వాత ఏరు. మోచేయి, మోకాలు చేరేసరికి కడలి. గోటి మూలన చుక్కగా మొదలైన చి మూరెడు దూరంలో అంత లోతు పొందుతుందట. ఎంతటి ఊహ! ఒక్క ముంజేతిలో ఒక నది బతుకంతా ఇమిడింది.

వరదల ఒడిలో బతుకు నేర్చిన జనం వాళ్లు. వాళ్ల పురాణంలో గున్ అనేవాడు గట్లు కట్టి వరదను ఆపబోయి ఓడిపోయాడు. కొడుకు యు కాలువలు తవ్వి, నీటికి దారి చూపి గెలిచాడు. ఈ వైద్యం ఆ కొడుకు బాటనే నడిచింది. పారితే ఆరోగ్యం, ఆగితే నొప్పి. పూడిక పేరుకున్న కాలువ మీద ఎగువ మడి మురుగుతుంది, దిగువ మడి నెర్రెలిస్తుంది. రెంటికీ మందు ఆ పూడిక తీయడమే. పొంగినదాన్ని తగ్గించాలి, ఇంకినదాన్ని నింపాలి. సూది దించే లోతు, తిప్పే వేగం, ఉంచే సేపు అన్నీ ఈ రెండు పనుల కోసమే. యిన్, యాంగ్ అనేవి ఆ హెచ్చుతగ్గుల జంట: నీడా ఎండా, చలువా వేడీ, లోపలా వెలుపలా. కొయ్య, నిప్పు, మన్ను, లోహం, నీరు అనే ఐదు తత్వాల లెక్క ఒకటి వేరే ఉంది. అదో పెద్ద శాస్త్రం. నా మనసు మాత్రం నీళ్ల దగ్గరే నిలిచిపోతుంది.

వైద్యుడు నాలుక చూస్తాడు, దాని రంగు, దానిమీది పూత. నిద్ర ఎలా ఉంది, దాహం ఎలా ఉంది అని అడుగుతాడు. అప్పుడు మణికట్టు అందుకుంటాడు. మూడు వేళ్లు, మూడు చోట్లు. ఎడమ చేతిలో గుండె, కాలేయం, మూత్రపిండం. కుడి చేతిలో ఊపిరితిత్తులు, ప్లీహం, మళ్లీ మూత్రపిండం. ఒకసారి పైపైన, ఒకసారి అదిమి. మన ఆయుర్వేద వైద్యులు నాడి పట్టేదీ మూడు వేళ్లతోనే కనుక తెలుగువాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. తీగలా బిగిసిందా, జారిపోతోందా, అడుగున దాక్కుందా అని ఆ వేళ్లు వింటున్నంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడరు.

ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ప్రియమైనది కొలత. కొలబద్ద రోగి ఒంట్లోనే ఉంది. రోగి బొటనవేలి వెడల్పు ఒక త్సున్. నాలుగు వేళ్లూ కలిపి ఉంచితే మూడు త్సున్లు. పసిబిడ్డకు పసిబిడ్డ త్సున్, పహిల్వానుకు పహిల్వాను త్సున్. వాంతులకూ వికారానికీ వాడే నైగ్వాన్, మణికట్టు ముడత నుంచి రెండు త్సున్లు పైకి, రెండు స్నాయువుల నడుమ. కడుపు బాధలకూ నీరసానికీ పేరుపడ్డ జూసన్‌లీ, మోకాలిచిప్ప కింది గుంట నుంచి మూడు త్సున్లు దిగి, ముంగాలి ఎముక అంచు నుంచి ఒక వేలి వెడల్పు బయటికి. తలనొప్పికీ పంటినొప్పికీ వాడే హగు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లోయలో. గర్భిణికి మాత్రం అక్కడ గుచ్చరు. అరికాలి గుంటలో యుంగ్‌చువాన్, చిమ్మే ఊట. ఇలా ప్రధాన నాళాలు పన్నెండూ, మరో రెండూ కలిపి పద్నాలుగు నాళాల మీద 361 స్థానాలని నేటి లెక్క. ఆ లెక్కకు అందని చోట్లూ ఉన్నాయి. ఏడో శతాబ్దపు వైద్యుడు సున్ సిమియావ్ వాటిని చేరదీశాడు: నొక్కగానే రోగి "అబ్బా, అక్కడే!" అంటే అదే స్థానం. ఇంత పటం గీసుకున్న శాస్త్రం, రోగి మూలుగు వినబడగానే ఆ పటాన్ని పక్కన పెట్టింది. దానికి నా వందనం.

వేలిని నమ్మినవాళ్లు వేలికి పరీక్ష కూడా పెట్టారు. సొంగ్ వంశపు చక్రవర్తి ఆజ్ఞతో 1027లో వాంగ్ వైయి అనే వైద్యుడు నిలువెత్తు కంచు మనుషులను ఇద్దరిని పోత పోయించాడు. ఒంటినిండా సన్నని రంధ్రాలు. పైన మైనం పూసి రంధ్రాలు మూసి, లోపల నీళ్లు నింపి శిష్యుడి ముందు నిలబెట్టేవారట. సరైన చోట గుచ్చితే నీరు చిమ్ముతుంది. తప్పితే సూది కంచుకు తగిలి ఠంగుమంటుంది. అంతకు ఏడువందల యాభై ఏళ్ల ముందు హ్వాంగ్‌ఫు మి అనే పండితుడు, తన ఒళ్లే పక్షవాతంతో పడిపోతే, పాత గ్రంథాలు ముందేసుకుని 349 స్థానాలను ఒక క్రమంలో పెట్టాడు. తన నొప్పి ముందు కూర్చుని రాసిన పుస్తకం అది. ఇప్పటికీ చదువుతున్నారు.

సూదీ, ఇక నీ వంతు. చైనాలోని మాన్‌చెంగ్‌లో క్రీస్తు పూర్వం 113లో పోయిన రాకుమారుడు లియు షెంగ్ సమాధిని 1968లో తవ్వితే, బంగారంతో నాలుగు, వెండితో ఐదు సూదులు బయటపడ్డాయి. నేడు నువ్వు ఉక్కు సూదివి, ఒక్కసారి వాడి పారేసేదానివి. అదే మేలు. చర్మం దాటి దిగుతావు, నిన్ను మెల్లగా తిప్పుతారు, ఎత్తి దించుతారు. అప్పుడు వస్తుంది దెచి: రోగికి లోపల సలుపు, తిమ్మిరి, బరువు, ఉబ్బినట్టు ఒక భావన, పట్టుకున్న వేళ్లకు కండ నిన్ను బిగించి పట్టినట్టు ఒక లాగుడు. ఒకే క్షణం ఇద్దరికీ తెలుస్తుంది. ఆ తర్వాత ఇరవై నిమిషాలో అరగంటో అలాగే ఉంచుతారు. వీపు మీద మాత్రం జాగ్రత్త, అడుగున ఊపిరితిత్తులున్నాయి. అక్కడ ఏటవాలుగా, పైపైనే దిగాలి. లోతు మరిచిన చెయ్యి ప్రాణం మీదికి తెస్తుంది.

నీకు నిప్పు తోబుట్టువు. చైనావాళ్లు మీ ఇద్దరినీ కలిపి జెన్-జియు అంటారు, సూదీ సెగా అని. వినాయక చవితి పత్రిలో మనం మొదట సమర్పించే మాచిపత్రి జాతి ఆకులే అక్కడ ఎండబెట్టి, దంచి, దూదిలా చేసి, చుట్ట చుట్టి వెలిగిస్తారు. ఆ ఘాటు పొగతో వెచ్చదనం స్థానంలోకి దిగుతుంది. గర్భంలో బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే తల్లి కాలి చిటికెనవేలి గోటి పక్కన ఆ సెగ చూపడం పాత ఆచారం.

నిన్ను వెళ్లగొట్టిన రోజులూ ఉన్నాయి. 1822లో చింగ్ వంశపు చక్రవర్తి రాజవైద్యశాలలో సూది వైద్యాన్ని ఆపించాడు. పల్లెలు ఆపలేదు. మన దేశానికి నువ్వు వచ్చిన దారి స్నేహం దారి. 1938లో చైనా సైనికుల గాయాలు కట్టడానికి వెళ్లిన ఐదుగురు భారతీయ వైద్యుల్లో ద్వారకానాథ్ కోట్నీస్ అక్కడే కన్నుమూశాడు. తిరిగి వచ్చిన బిజయ్ కుమార్ బసు మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని, 1950ల చివర దాన్ని కలకత్తాకు తెచ్చాడు.

నిన్ను ప్రేమించే నేను ఈ మాటా చెప్పాలి. శరీరాన్ని కోసి చూసినవారికి చి తిరిగే నాళాలు కనబడలేదు. 2007లో జర్మనీలో నడుంనొప్పి ఉన్న 1,162 మందితో చేసిన పరిశోధనలో అసలు స్థానాల్లో గుచ్చినవారిలో ఆరు నెలలకు 47.6 శాతం మందికి మేలైంది. స్థానం కాని చోట్ల, పైపైన గుచ్చినవారిలోనూ 44.2 శాతం. మామూలు వైద్యం పొందినవారిలో 27.4 శాతమే. ఆ మొదటి రెండు అంకెల మధ్య దూరం చిన్నది, మూడోదానితో దూరం పెద్దది. ఆ పెద్ద దూరంలో నాకు వేలు కనిపిస్తుంది: నొప్పి ఎక్కడో అడిగి, అక్కడ చెయ్యి వేసి, తొందరపడకుండా పక్కన ఉన్న మనిషి. ఇది నా నమ్మకం. గుండెపోటుకూ విరిగిన ఎముకకూ ఆసుపత్రే దిక్కు. ఏళ్ల తరబడి వదలని నొప్పికి ఆ వేలి ఓపిక చిన్న మందేమీ కాదు.

అందుకే సుగియామా వైచికి నా నిండు నమస్కారం. 1610లో జపాన్‌లో పుట్టాడు, చిన్నప్పుడే చూపు పోయింది, సూది వైద్యం నేర్పే గురువు చేతకానివాడని పంపేశాడు. ఎనోషిమా దీవి గుహలో ఉపవాసం ఉండి వస్తూ రాయి తట్టుకుని పడ్డాడనీ, చేతికి అందిన ముడుచుకున్న ఆకులో పైన్ చెట్టు సూది దొరికిందనీ కథ. గొట్టంలో సూది పెట్టి దాని తలమీద తట్టే పద్ధతి ఆయన పేరునే నిలిచింది. గొట్టం నీకు దారి చూపుతుంది, తట్టిన దెబ్బకు చర్మం దాటడం రోగికి తెలియనే తెలియదు. నేడు లోకంలో చాలాచోట్ల చూపున్నవాళ్లూ ఆ గొట్టమే వాడుతున్నారు. నాటి పాలకుడు షోగున్ త్సునయోషి ఆదరణతో ఆయన చూపులేనివారికి ఈ వైద్యం నేర్పే బడులు పెట్టాడు, పారిస్‌లో 1780లలో అంధుల పాఠశాల తెరవడానికి దాదాపు నూరేళ్ల ముందు. జపాన్‌లో అంధుల పాఠశాలలు ఇప్పటికీ ఈ విద్య నేర్పుతున్నాయి. అక్కడ చదివినవాళ్లు ప్రభుత్వ పరీక్ష నెగ్గి, లైసెన్సు పుచ్చుకుని, సొంతంగా వైద్యశాలలు నడుపుకుంటున్నారు.