చెయ్యి కన్నా కన్ను ముందు

నీటిరంగుల్లో ప్రకృతి దృశ్యాలు వేసేవాళ్లకు ఒక వరస బాగా అలవాటు. ముందు ఆకాశం, తర్వాత దూరపు కొండలు, చెట్లు, చివరికి దగ్గరి గడ్డీ నీడలూ. ఈ వరసకు కారణం ఉంది. నీటిరంగు పారదర్శకం; ముదురు రంగు మీద లేత రంగు నిలవదు. అందుకే లేత నుంచి ముదురుకు వెళ్లమంటారు. నేనూ అలాగే నేర్చుకున్నాను, ఏళ్లతరబడి అలాగే వేశాను.

అయితే వరస చేతికి పట్టుబడ్డాక కన్ను పని మానేస్తుంది. మే నెల మధ్యాహ్నం రాజమండ్రి గట్టున కూర్చుంటే గోదావరి మీది ఆకాశం నీలంగా ఉండదు, ఎండకు తెల్లబారి ఉంటుంది. చెయ్యి మాత్రం అడక్కుండానే నీలం ట్యూబు మూత తీస్తుంది.

అందుకని ఇప్పుడు ముందుగా పడవ కింది నీడ వేస్తున్నాను. దృశ్యంలో అన్నిటికన్నా ముదురైన చోటు అదే. అల్ట్రామెరిన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు చిక్కగా కలిపితే దాదాపు నలుపు వస్తుంది. అది కాగితం మీద పడ్డాక మిగతావన్నీ దానితో పోల్చి చూడాల్సిందే. అవతలి గట్టు దానికన్నా ఎంత లేత? నీటి మెరుపు కోసం కాగితాన్ని ఎక్కడ తెల్లగా వదలాలి? నీడ ఆరేదాకా పక్కన తడి బ్రష్ ఆనించకూడదు, రంగు పాకిపోతుంది. ఆ ఆగడం కూడా చూడటానికే పనికొస్తుంది. ఆకాశం వంతు వచ్చేసరికి దాని రంగేమిటో తెలిసిపోయి ఉంటుంది.

ఆకుపచ్చ ట్యూబు ఇంట్లో వదిలి వెళ్లడం ఇంకో మార్పు. నీలంలో యెల్లో ఓకర్ అనే మట్టిపసుపు కలుపుతూ కొబ్బరి పచ్చదనం వేరు, వేప పచ్చదనం వేరు అని వెతుక్కోవాలి. ఇలా కళ్లముందున్న రంగునే పట్టుకోవడానికి ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1890-91లో జివెర్నీ ఊరి దగ్గర గడ్డివాములు వేసేటప్పుడు, వెలుతురు మారగానే ఆ కాన్వాసు పక్కనపెట్టి మరోటి అందుకునేవాడు. ఆ బొమ్మల్లో ఒకే వాము ఒకచోట గులాబీగా, ఇంకోచోట నీలిగా కనిపించడం వెనక ఈ పద్ధతి ఉంది.

మార్చేది ఒక్కోసారి ఒక్కటే కావాలి. రంగులు, బ్రష్, వరస అన్నీ కలిపి మారిస్తే ఏ మార్పు ఏం చూపించిందో అర్థం కాదు. తీసేస్తున్న అలవాటు ఎందుకు పుట్టిందో కూడా తెలిసుండాలి. కొత్త వరస సైతం కొన్నాళ్లకు చేతికి తేలికైపోతుంది. అప్పుడు దాన్నీ కదపాలి. ఈ ఆదివారం రంగులు పట్టుకుని బయల్దేరేవాళ్లు, ఎప్పుడూ చివర్లో వేసేదాన్ని ముందు వేసి చూడండి.